యూజర్ ఎడ్యుకేటెడ్

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో యూజ్ కేస్ డయాగ్రమ్ వేసేటప్పుడు యూజర్‌ని ఎలా గీస్తామో మనందరికీ తెలుసు. తలకి ఒక సున్నా, ఒంటికి ఒక గీత, చేతులకి ఒకటి, కాళ్లకి రెండు. కింద "యూజర్" అని పేరు. ఆ బొమ్మకి రికార్డులో పది సెకన్లు పడుతుంది. మిగతా పేజీ అంతా సిస్టమ్‌దే. ఆ పుల్లల బొమ్మకి వయసు లేదు, భాష లేదు, ఇంట్లో కట్టాల్సిన ఫీజులు లేవు. మనం గీత ఎటు గీస్తే అటు వెళ్లి క్లిక్ చేయడమే దాని పని.

ఈ వ్యాసం ఆ బొమ్మ గురించి. నర్సరీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. కాబట్టి టికెట్, సర్వర్, మెయిల్ లాంటి మాటలు ఎలా వస్తే అలాగే రాసేస్తున్నా. క్లబ్ సీనియర్లు ఏమీ అనుకోవద్దు.

ప్లేస్‌మెంట్స్ గురించి మాట్లాడుకునేటప్పుడు మనం "ఐటీ" అంటే ఐటీ కంపెనీ అనే అనుకుంటాం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, అద్దాల బిల్డింగు. కానీ సబ్బులు అమ్మే కంపెనీకీ, ఆసుపత్రికీ, బ్యాంకుకీ, కరెంటు సంస్థకీ కూడా ఒక ఐటీ డిపార్ట్‌మెంట్ ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చమని మెయిల్ పెట్టేది వాళ్లే, పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టేదీ వాళ్లే. మనలో చాలామంది చివరికి అలాంటి చోటనో, అలాంటి చోటికి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చోటనో కూర్చుంటాం. అంటే మనం మెయిల్ పంపే వైపు ఉంటాం. నేను మాత్రం ఇంతవరకు మెయిల్ అందుకునే వైపు నుంచే ఈ పనిని చూశాను.

మాది మొఘల్‌పురా. చార్మినార్ నుంచి నడిచి పోయేంత దూరం. క్లాసులో ఈ పేరు చెప్తే "అక్కడ తెలుగువాళ్లు ఉంటారా?" అని అడుగుతారు. ఉంటాం. మొఘల్‌పురా, గౌలిపురా, హరిబౌలి, లాల్‌దర్వాజా గల్లీల్లో తరాల నుంచి ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, స్కూల్లో ఇంగ్లిష్. కూరగాయల బండి దగ్గర ఈ మూడూ కలిపి ఒకే వాక్యంలో వస్తాయి. అందుకే, ఒక మాట "పంపడం" వేరు, అది ఎదుటివాళ్లకి "అందడం" వేరు అని మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. అమ్మ "పక్కింటికి చెప్పి రా పో" అంటే, చెప్పి రావడం మాత్రమే కాదు, వాళ్లు ఏమన్నారో తిరిగొచ్చి చెప్పాలి కూడా. అది చెప్పకపోతే వెళ్లనట్టే లెక్క.

మా గల్లీ మలుపులో ఒక జిరాక్స్ షాపు ఉంది. దాన్ని నడిపే చాచాకి అరవై దాటాయి. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. స్కాలర్‌షిప్ అప్లికేషన్, పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్, హాల్ టికెట్, రేషన్ కార్డులో పేరు ఎక్కించడం, అన్నీ అక్కడే. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ షాపు అద్దం గురించి. దాని మీద ఎప్పుడూ చేత్తో రాసిన నాలుగైదు కాగితాలు అంటించి ఉంటాయి. ఒక్కో కాగితం మీద అదే మాట మూడు లిపుల్లో ఉంటుంది. ఉర్దూ ఆయనే రాస్తాడు. తెలుగు, ఇంగ్లిష్ షాపుకి వచ్చిన పిల్లలెవరితోనైనా రాయిస్తాడు. కొన్ని నా చేతిరాతలోనే ఉన్నాయి. "ఓటీపీ వచ్చే ఫోన్ వెంట తేవాలె." "ఆధార్‌ల పేరు, సర్టిఫికెట్‌ల పేరు ఒక్కటే ఉండాలె, చూసుకొని రండి." "ఈరోజు సర్వర్ బంద్. ఊరికే నిలబడకండి. రేపు 10 గంటలకు."

మీకు నవ్వు రావచ్చు. నేను మాత్రం ఒకరోజు ఆ కాగితాలని మన టెక్స్ట్‌బుక్‌లో "చేంజ్ కమ్యూనికేషన్" కింద ఇచ్చిన పాయింట్లతో పోల్చి చూశాను. ఏం మారింది, ఎవరికి మారింది, నువ్వు ఇప్పుడు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి. నాలుగూ ఉన్నాయి. టెక్స్ట్‌బుక్‌లో లేనిది ఇంకొకటి కూడా ఉంది. కాగితం వెనకాలే చాచా కూర్చుని ఉంటాడు. అర్థం కాకపోతే అడగొచ్చు, కోపం వస్తే అరవొచ్చు. ఏదైనా వెబ్‌సైట్‌లో ఫారం మారితే ఆయనకి ఎవరూ ముందుగా చెప్పరు. పొద్దున వచ్చిన మొదటి మనిషి అప్లికేషన్ ఆగిపోతుంది. దాంతో ఆయన గంటసేపు కుస్తీ పడతాడు. మధ్యాహ్నానికి అద్దం మీద కొత్త కాగితం వచ్చేస్తుంది. "మొదటోనికి తక్లీఫ్ అయితది బేటా, రెండోనికి కావద్దు" అంటాడు.

ఇలా మధ్యలో ఒక మనిషి ఉండటం ఎంత ముఖ్యమో ఒకప్పుడు మన ప్రభుత్వానికి కూడా తెలుసు. 1999 డిసెంబరులో హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల కోసం ట్విన్స్ అనే ప్రయోగం మొదలైంది. 2001 ఆగస్టులో అదే ఈ-సేవగా మారింది. అంతకుముందు కరెంటు బిల్లుకి ఒక ఆఫీసు, నీళ్ల బిల్లుకి ఇంకొకటి, ఇంటి పన్నుకి మరొకటి. ఈ-సేవలో అన్నీ ఒకే కౌంటర్ దగ్గర కట్టేయొచ్చు. వెనకాల ఒక్కో శాఖలో ఒక్కో రకం కంప్యూటర్ వ్యవస్థ ఉన్నా, కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి వాటిలో ఒక్కటి కూడా నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకునే బరువు కౌంటర్ వెనక ఉన్న ఆపరేటర్ది. 2011లో వచ్చిన మీ-సేవ కూడా ఇదే దారిలో నడిచింది.

తర్వాత చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఎవరికి వాళ్లే ఆపరేటర్. మామూలు రోజుల్లో అది హాయిగానే ఉంటుంది. కానీ వెనకాల ఏదైనా మారిన రోజు చెప్పడానికి కౌంటర్ మనిషి ఉండడు. 2024 జులై 1 గుర్తుందా? ఆ రోజు మన దక్షిణ డిస్కం టీజీఎస్పీడీసీఎల్ ఎక్స్‌లో ఒక ప్రకటన పెట్టింది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల వల్ల ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, అమెజాన్ పే, బ్యాంకుల ద్వారా కరెంటు బిల్లులు తీసుకోవడం ఆ రోజు నుంచే ఆగిపోయిందని, సంస్థ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ కట్టమని దాని సారాంశం. బిల్లుల చెల్లింపులన్నీ భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ మీదుగానే జరగాలన్నది దాని వెనక ఉన్న నియమం. డిస్కం ఆ వ్యవస్థలో చేరాక పాత యాప్‌లలో చెల్లింపులు మళ్లీ మొదలయ్యాయి.

టెక్నికల్‌గా చూస్తే కారణం సబబే. ఒకే దారిలో వెళ్తే డబ్బు ఎక్కడ ఆగిందో సులువుగా తెలుస్తుంది. కానీ వినియోగదారుడి వైపు నుంచి ఆ ప్రకటనని ఒకసారి చదవండి. మార్పు ఏ రోజు, ప్రకటన కూడా ఆ రోజే. ప్రకటన పెట్టిన చోటు ఎక్స్. నెలనెలా ఫోన్‌పేలో బిల్లు కట్టే మనుషుల్లో ఎక్స్ చూసేవాళ్లు ఎంతమంది? అదే వార్త బిల్లు కాగితం మీద రెండు లైన్ల తెలుగు, రెండు లైన్ల ఉర్దూలో, ఒక నెల ముందు వస్తే ఎలా ఉండేదో ఊహించుకోండి. మా చాచా అయితే అలాగే చేసేవాడు.

సరే, బిల్లు విషయంలో ఇబ్బంది అంటే ఒకటి రెండు రోజుల ఆలస్యం. సరిగా చెప్పకపోవడం వల్ల ఒక మనిషి పేరే పోయేదాకా రావచ్చని నాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా నాన్న కాటేదాన్ వైపు ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీ గోడౌన్‌లో స్టోర్ ఇన్‌చార్జ్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. 22 ఏళ్లుగా అక్కడే. రోజూ పొద్దున షాలిబండ, ఫలక్‌నుమా మీదుగా స్కూటర్ మీద వెళ్తాడు. బిస్కెట్లు, సబ్బులు, టూత్‌పేస్టులు లారీల్లో దిగుతాయి, చిన్న ఆటో ట్రాలీల్లో కిరాణా షాపులకి వెళ్తాయి. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి. ఇదే ఆయన ఉద్యోగం. నాన్న ఇంటర్ దాకా తెలుగు మీడియం. లెక్క మాత్రం నోటితోనే చేసేస్తాడు.

పోయిన ఏప్రిల్‌లో వాళ్ల కంపెనీ కొత్త ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌కి మారింది. మారబోయే వారం ముందు హెడ్ ఆఫీస్ ఐటీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. "డియర్ ఆల్" అని మొదలై, మధ్యలో "సీమ్‌లెస్ ట్రాన్సిషన్", "లెగసీ డీకమిషన్" అని నడిచి, చివర 48 పేజీల పీడీఎఫ్‌తో ముగిసింది. నాన్న ఫోన్ నా చేతికిచ్చి "ఏమంటున్నరు బిడ్డా, ఉంచుతరా తీసేస్తరా?" అని అడిగాడు. సాఫ్ట్‌వేర్ గురించి కాదు, తన ఉద్యోగం గురించి. ఆ మెయిల్‌లో అలాంటి మాట ఒక్కటి కూడా లేదు. కానీ అర్థం కాని భాషలో పై నుంచి ఏదైనా వస్తే, కింద ఉన్నవాళ్లకి మొదట వచ్చే అనుమానం అదే. రాసిన వాళ్లకి ఇది తట్టి కూడా ఉండదు.

ట్రైనింగ్ అంటే 40 నిమిషాల ఆన్‌లైన్ మీటింగ్. అన్ని గోడౌన్‌ల వాళ్లు మ్యూట్‌లో ఉన్నారు. చెప్పే ఆయన ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, మధ్యమధ్య హిందీలోకి వచ్చి, చివర "ఎనీ క్వశ్చన్స్?" అని అడిగి, మూడు సెకన్లు ఆగి, థాంక్యూ చెప్పేశాడు. నాన్న దగ్గర ప్రశ్న ఉంది. అన్‌మ్యూట్ బటన్ ఎక్కడుందో దొరికేలోపు మీటింగ్ అయిపోయింది.

ఆ ప్రశ్న ఏంటంటే: పాత సాఫ్ట్‌వేర్‌లో సరుకు పెట్టెల్లో వస్తే పెట్టెల్లో, ప్యాకెట్లలో పోతే ప్యాకెట్లలో విడివిడిగా ఎక్కించేవాళ్లు. కొత్తదాంట్లో పెట్టెలు ఎక్కిస్తే చాలు, ప్యాకెట్లుగా అదే మార్చుకుంటుంది. మరి ఒక్కో పెట్టెలో ఎన్ని ప్యాకెట్లు ఉంటాయో దానికి ఎవరు చెప్తారు?

మంచి ప్రశ్న కదా. మన భాషలో చెప్పాలంటే, కన్వర్షన్ ఫ్యాక్టర్ ఏ మాస్టర్ టేబుల్‌లో ఉంది, దాన్ని మార్చే అధికారం ఎవరిది? జవాబు: హెడ్ ఆఫీస్‌ది. గోడౌన్ స్క్రీన్‌లో ఆ అంకె కనిపించదు కూడా.

ఆ నెలలోనే ఒక బిస్కెట్ కంపెనీ పెట్టె సైజు మార్చింది. ముందు పెట్టెకి 72 ప్యాకెట్లు, ఇప్పుడు 60. నాన్న పెట్టె మీద అచ్చేసిన అంకె చూశాడు, తన పేపర్ రిజిస్టర్‌లో లారీ నంబర్ పక్కన "60 లది" అని రాసుకున్నాడు. సిస్టమ్‌లో మాత్రం 72 అలాగే ఉంది. పెట్టెకి పెట్టె పోతే తేడా బయటపడదు. కానీ చిన్న కిరాణా షాపులకి పెట్టె మొత్తం పోదు, విప్పి పది, ఇరవై ప్యాకెట్లు ఇస్తారు. రెండు నెలల్లో అలా విప్పినవి 125 పెట్టెలు. సిస్టమ్ లెక్కలో 9,000 ప్యాకెట్లు. నిజంగా ఉన్నవి 7,500. తేడా 1,500. ప్యాకెట్ 10 రూపాయలు.

తేడా కనిపించిన మొదటి వారమే నాన్న హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాడు. ఆయనకి వచ్చిన హిందీలో చెప్పాడు. టికెట్ నంబర్ ఇచ్చారు. మర్నాడు టికెట్ క్లోజ్ అయింది: "వర్కింగ్ యాజ్ డిజైన్డ్." మళ్లీ ఫోన్ చేశాడు. అవతలి అబ్బాయి ఓపిగ్గానే, పెట్టెలు ఎలా ఎక్కించాలో మొదటి నుంచి చెప్పాడు. నాన్నకి అది తెలుసు. చెప్పాలనుకున్నది వేరే. రెండో టికెట్ కూడా క్లోజ్ అయింది. కారణం అనే గడిలో రెండే మాటలు: "యూజర్ ఎడ్యుకేటెడ్."

నాన్న ఆ మాటకి అర్థం అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. "మీకు నేర్పించినం అని రాసిండ్రు నాన్నా" అన్నాను. "ఏం నేర్పిండ్రు?" అన్నాడు.

జులైలో మెమో వచ్చింది. 1,500 ప్యాకెట్ల షార్టేజ్‌కి ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే 15,000 రూపాయలు మూడు నెలల జీతంలో కోస్తాం అని. కాపీ పదకొండు మందికి. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని ప్లేటు పక్కకి జరిపేశాడు. అమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపయ్యాక, "ఇరవై రెండేండ్ల సంది ఒక్క డబ్బా అటు ఇటు కాలె. ఇప్పుడు నేను దొంగనైన్నా బిడ్డా?" అన్నాడు. డబ్బు మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక నెట్‌లో వెతికితే హొరైజన్ కథ దొరికింది. మన సిలబస్‌లో లేదు గానీ ఉండాల్సిన కేసు. బ్రిటన్ పోస్టాఫీసు 1999 నుంచి తన బ్రాంచీల్లో హొరైజన్ అనే అకౌంటింగ్ సిస్టమ్ పెట్టింది. ఫుజిట్సు తయారుచేసింది. అక్కడ చిన్న చిన్న పోస్టాఫీసులని సబ్ పోస్ట్‌మాస్టర్లు నడుపుతారు. చాలాసార్లు కిరాణా కొట్టుతో పాటే. కొత్త సిస్టమ్‌లో ఉన్న తప్పుల వల్ల వాళ్ల లెక్కల్లో లేని లోటు కనిపించడం మొదలైంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఈ సమస్య మీకొక్కరికే వస్తోంది అని చెప్పారని ఎంతోమంది తర్వాత సాక్ష్యం చెప్పారు. ఒకరికొకరు తెలియదు కాబట్టి ప్రతివాళ్లూ అదే నమ్మారు. ఇంట్లో డబ్బు తెచ్చి లోటు పూడ్చారు. 2015 దాకా 900 మందికి పైగా దొంగతనం, మోసం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులయ్యారు. కొందరు జైలుకి వెళ్లారు. అందులో భారతీయ మూలాలున్న వాళ్లు కూడా ఉన్నారు.

ఆ అబద్ధం ఎలా కూలిందో తెలుసా? అలన్ బేట్స్ అనే మాజీ సబ్ పోస్ట్‌మాస్టర్, తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారేమో అని వెతకడంతో మొదలైంది. చివరికి 555 మంది కలిసి కోర్టుకి వెళ్లారు. 2019లో హైకోర్టు ఆ సిస్టమ్‌లో తప్పులున్నాయని తేల్చింది. 2024 జనవరిలో టీవీ సీరియల్ వచ్చి దేశమంతా కదిలింది. అదే ఏడాది మేలో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షల్ని కొట్టేసింది. మొదటి ఫోన్ కాల్ నుంచి అక్కడికి రావడానికి ఇరవై ఏళ్ల పైన పట్టింది. బగ్ ఉండటం కొత్త కాదు, మన కోడ్‌లో రోజూ ఉంటాయి. అక్కడ జరిగింది ఏంటంటే, "తప్పు మా వైపు ఉండొచ్చు" అనే జవాబు రావడానికి ఏ దారీ లేకుండా చేశారు.

పొద్దున నాన్నతో కూర్చుని ఇంకో టికెట్ రాశాం. నేను ఇంగ్లిష్‌లో పెద్ద పేరా రాయబోతే నాన్న ఆపాడు. "ముందుగాల తెలుగుల రాయి, మల్ల నువ్వు మార్చు" అన్నాడు. ఆయన చెప్పింది ఇంతే: "పెట్టె మీద 60 అని ఉంది. సిస్టంల 72 అని ఉంది. వచ్చి చూడండి." కింద పెట్టె ఫోటో, రిజిస్టర్ పేజీల ఫోటోలు. అసలు ఎంత ఉండాలి, ఇప్పుడు ఎంత చూపిస్తోంది, ఎదుటివాళ్లు ఏం చేయాలి. మన ల్యాబ్‌లో బగ్ రిపోర్ట్ ఫార్మాట్ అని నేర్పేది ఇదే. నాన్న ఇంతకుముందు ఫోన్‌లో చెప్పింది కూడా ఇదే. మెమో వచ్చాక, అదీ ఫోటోతో పాటు పైవాళ్లకి కాపీ పెట్టాక చదివారు.

వారం తిరిగేలోపు ఐటీ నుంచి ఒక అక్క గోడౌన్‌కి వచ్చింది. కర్నూలు వైపు అమ్మాయి, నాన్నతో తెలుగులోనే మాట్లాడింది. పెట్టె విప్పించి, కింద కూర్చుని, తనే లెక్కపెట్టింది. 60. రెండోసారి లెక్కపెట్టింది. తర్వాత హెడ్ ఆఫీస్‌కి ఫోన్ చేసింది. తేలిందేంటంటే, పెట్టె సైజు మారిన సంగతి కొనుగోలు విభాగానికి ఏప్రిల్‌లోనే తెలుసు. వాళ్లు ఐటీకి మెయిల్ కూడా పెట్టారు. అది "లో ప్రయారిటీ" క్యూలో ఉంది. గోడౌన్‌కి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. రూల్ ప్రకారం ఎవరూ తప్పు చేయలేదు. అందరూ అందరికీ మెయిల్ పంపారు, ఒక్క పెట్టెలు మోసే చోటుకి తప్ప.

టీ తాగుతూ ఆ అక్క చెప్పిన మాటలు నాన్న ఇంటికొచ్చి నాకు చెప్పాడు. మనం వినాల్సినవి కాబట్టి రాస్తున్నా. వాళ్లు ఐదుగురు, చూసుకోవాల్సిన గోడౌన్‌లు పద్నాలుగు. టికెట్ 24 గంటలు దాటితే మేనేజర్ స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది. నెలాఖరుకి వాళ్లని కొలిచేది ఎన్ని క్లోజ్ చేశారన్న దాన్ని బట్టే. క్లోజ్ చేసేటప్పుడు కారణం డ్రాప్‌డౌన్‌లోంచి ఎంచుకోవాలి. పాస్‌వర్డ్ రీసెట్, నెట్‌వర్క్, హార్డ్‌వేర్, వర్కింగ్ యాజ్ డిజైన్డ్, యూజర్ ఎడ్యుకేటెడ్. "యూజర్ చెప్పిందే నిజం, మేమే చూసుకోవాలి" అనే ఆప్షన్ అందులో లేదు. "లేనిదాన్ని ఎట్ల నొక్కుతం అంకుల్" అందట.

నాకు అప్పటిదాకా హెల్ప్‌డెస్క్ మీద చాలా కోపంగా ఉండేది. ఈ మాట విన్నాక ఆ కోపం ఆ డ్రాప్‌డౌన్ తయారుచేసిన వాళ్ల మీదికి మారింది. ఎవరో మనలాంటి వాళ్లే, ఒక మధ్యాహ్నం కూర్చుని, ఐదు ఆప్షన్లు చాల్లే అనుకుని ఉంటారు.

మెమో వాపసు తీసుకున్నారు. నెల తర్వాత రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మెమో పదకొండు మందికి వెళ్లింది. వాపసు మెయిల్ నాన్నకి ఒక్కడికే వచ్చింది. నాన్న దాన్ని ప్రింట్ తీయించమన్నాడు. చాచా షాపులోనే తీశాను. ఆయన డబ్బులు తీసుకోలేదు. "ఇది అద్దం మీద పెడదామా?" అన్నాడు. నాన్న నవ్వి, మడతపెట్టి రిజిస్టర్‌లో పెట్టుకున్నాడు.

ఒక కంపెనీలో ఒక గోడౌన్ సంగతి ఇది. ఇదే రాష్ట్రం సైజులో జరిగితే ఎలా ఉంటుందో మన తెలంగాణ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు ధరణి పోర్టల్‌లోకి వచ్చాయి. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి, ఒకే రోజు అయిపోవడం నిజంగా పెద్ద సౌకర్యం. కానీ రికార్డులోనే పేరు తప్పు పడినవాళ్లు, విస్తీర్ణం తప్పు పడినవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. వాళ్ల సమస్యకి స్క్రీన్ మీద సరైన ఆప్షన్ లేకపోవడమో, కింది ఆఫీసుకి సరిచేసే అధికారం లేకపోవడమో కారణం. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ కొత్త చట్టంలో అప్పీలు చేసుకునే వ్యవస్థని పెట్టారు. రాజకీయాలు పక్కన పెట్టి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిగా చూస్తే నాకు అర్థమైంది ఇది: "మీ లెక్క తప్పు" అని కింది నుంచి చెప్పే దారి ఒక ఫీచర్. దాన్ని మొదట్లో వదిలేస్తే తర్వాత చట్టం చేసి మరీ పెట్టాల్సి వస్తుంది.

ఇంకొక్క విషయం, నాన్న పేపర్ రిజిస్టర్ గురించి. కొత్త సిస్టమ్ వచ్చాక పేపర్ రిజిస్టర్లు ఆపేయమని ఆ 48 పేజీల పీడీఎఫ్‌లోనే ఉంది. నాన్న ఆపలేదు. మార్పుని ఇష్టపడని మనిషి అని ఆయన్ని ఎవరైనా అనొచ్చు. పుస్తకాల్లో దీనికి "రెసిస్టెన్స్ టు చేంజ్" అని పేరు కూడా ఉంది. అలా అనేవాళ్లకి 2024 జులై 19 గుర్తు చేయాలి. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయిన రోజు. ఆ రోజు మన హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఇండిగో వాళ్లు చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో దేశమంతా తిరిగింది. అందరూ జోక్‌గా షేర్ చేశారు. నాకు మాత్రం అది మంచి డిజైన్‌లాగే కనిపించింది. సిస్టమ్ పడిపోయినప్పుడు పెన్ను పట్టుకుని పని నడిపించగల మనిషి అక్కడ ఇంకా ఉన్నాడు. నాన్న రిజిస్టర్ కూడా అంతే. ఆ రిజిస్టరే లేకపోతే "60 లది" అన్న మాటకి సాక్ష్యం ఎక్కడిది?

ఈ సెమిస్టర్‌లో మనందరం మినీ ప్రాజెక్టులు చేస్తున్నాం. హాస్టల్ కంప్లైంట్ యాప్, లైబ్రరీ యాప్, క్యాంటీన్ టోకెన్ యాప్. మా బ్యాచ్‌ది హాస్టల్ కంప్లైంట్ యాప్. ఒప్పుకుంటే మీరూ మూడు పనులు చేసి చూడండి. ఒకటి, కంప్లైంట్‌ని క్లోజ్ చేసే బటన్ మన చేతిలో కాకుండా కంప్లైంట్ ఇచ్చిన వాళ్ల చేతిలో పెట్టండి. పని అయిందో లేదో తెలిసేది వాళ్లకే. మేం ఇది పెట్టాం, రివ్యూలో "పెండింగ్ కౌంట్ పెరుగుతుంది కదా" అన్నారు. పెరగనీయండి, అది నిజమైన కౌంట్. రెండు, ఏదైనా మార్చేటప్పుడు పెట్టే మెసేజ్ తెలుగులో, హిందీలో కూడా పెట్టండి. పంపేముందు అది వాడే మనిషి ఒక్కరికి చదివి వినిపించండి. హాస్టల్ వాచ్‌మన్ అంకుల్ అయితే ఇంకా మంచిది. ఆయన తిరిగి ఏమడుగుతాడో అది కూడా మెసేజ్‌లో చేర్చండి. మూడు, మీ డ్రాప్‌డౌన్‌లో "మా వైపు తప్పు" అని ఒక ఆప్షన్ పెట్టండి. ఎవరూ నొక్కకపోయినా సరే.

నాన్న వాళ్ల గోడౌన్‌కి ఇప్పుడు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఆ కర్నూలు అక్క పెట్టింది. ఏదైనా మారితే తెలుగులో, హిందీలో వాయిస్ నోట్ పెడుతుంది. మొదట్లో ఎవరూ జవాబు ఇవ్వలేదు. నెల తర్వాత నాన్న పదకొండు సెకన్ల వాయిస్ నోట్ పెట్టాడు, ఒక సబ్బు పెట్టె అంకె కూడా మారిందని. సాయంత్రానికి సిస్టమ్‌లో మార్చారు. మిగతా గోడౌన్‌ల వాళ్లు అప్పటి నుంచి ఒక్కొక్కరే మాట్లాడటం మొదలుపెట్టారు. నాన్న చెప్పడం, మూడు గోడౌన్‌లలో ఆ 72, 60 తేడా ముందే కనిపించిందట. ముగ్గురూ అది తమకొక్కరికే వచ్చిందనుకుని జేబులోంచి కట్టేశారట.